అయ్యన్న ముంచే గిన్నె

డోన్ కాడ ఎద్దులతో నీళ్ళు తోడే కపిలబాయి ఒకటి ఉండె. దాని మాట ఎత్తితే సాలు, ఆడోళ్ళు తుపుక్కున ఉమిసి మొగం తిప్పుకునేటోళ్ళు. పొద్దు మునిగినాక ఆ గడ్డన ఎవురూ ఒంటిగా అడుగు పెట్టరు. అయ్యన్న కాలు జారి పడి సచ్చిపోయింది అందులోనే కదా...

ఆ యేడు వాన సుక్క లేదు. నాలుగిండ్లకు ఒకటే బాయి, అడుగున రవ్వన్ని నీళ్ళు. కొట్టుకు సావకుండా వంతులు పెట్టుకున్న్యారు. ఒక ఇత్తడి గిన్నె, దాని అడుగున సన్న చిల్లి. తొట్లో తేలేస్తే నీళ్ళు మెల్లగ ఎక్కి మునుగుతాది. అది మునిగేదాకా ఎద్దులు తోలి, నీళ్ళబాన లాగి, మడికి పారించుకోవల్ల. మునిగిందా — వంతు అయిపోయినట్టే. ఇంటికొక మునక, అంతే.

అయ్యన్న పెండ్లాము హంపమ్మ వంతు నడిరేయికి వస్తాది. ఆమె ఎద్దులు తోలితే, మరిది గోపన్న గిన్నె కాడ కూచునేది. ఆమె తరువాత వానిదే ఆఖరి వంతు, గిన్నె మునిగినా తెల్లారేదాకా నీళ్ళు వానివే. అందరికీ గిన్నె నిదానంగా మునుగుతాది. ఆమెకు మాత్రం... నాలుగు బానలు లాగకముందే — బుడుంగ్!

"నేనేం చేద్దు వదినా? మాయన్నే చెయ్యి పెట్టి ముంచుతాండాడు," అంటాడు గోపన్న గుసగుసగా. "నిన్ను రమ్మంటాండాడేమో... ఆ వంతు నాకిడిసి పుట్టింటికి పోరాదా?"

రాగిమడి సగం ఎండిపాయె. మిగిలింది కూడా పోతే ఆ యేడు ఆమెకు గింజ లేదు. బాయిలోకి వంగి అడిగేది పాపం — "నిజంగా పిలుస్తాండావా?"

అమాసనాడు ఆమె ఎద్దుల్ని నిలబెట్టి, సప్పుడు లేకుండా తొట్టి కాడికి వచ్చె. గిన్నె అప్పుడే మునుగుతాంది... గబాల్న నీళ్ళల్లో చెయ్యి పెట్టె.

సల్లగా, గుండ్రంగా తగిలె — కడియం!

మొగుని ఎండి కడియమది. గోపన్న బాయిలోకి దిగి శవాన్ని తీసినపొద్దు చేతికి లేనిది. పట్టి లాగితే — ఆ పక్క నుంచి ఇంగో చెయ్యి లాగుతాంది! ఎచ్చగా, జిడ్డుగా...

"వదినా... ఇడువు వదినా..."

థూ! తోడబుట్టినోని శవం మీద ఊడబెరికిన కడియం. దాన్నే గిన్నెలో బరువేసి ముంచి, ముండమోసిన వదిన నీళ్ళు తాగుతాండాడు నా బట్ట! పైగా సచ్చినోని మీద పెట్టె. కుక్క గూడా వాని చెయ్యి నాకదు.

హంపమ్మ కడియం కడిగి, తుడిసి, చేతికి తొడుక్కునె. గిన్నె వంచి, మళ్ళా తేలేసె.

"ఇప్పుడు మొదలు నా వంతు. పోయి ఎద్దులు తోలు గోపన్నా. తోలవా — ఊరంతా లేపుతా."

వాడు తోలె. బాన మీద బాన. మడులన్నీ తడిసె... గిన్నె మునగలే. కోడి కూసె... మునగలే.

గోపన్న వచ్చి చూసె. గిన్నె అంచుదాకా నీళ్ళు నిండి ఉండాది. అయినా తేలుతాంది — అడుగున ఎవురో అరచెయ్యి పెట్టి పట్టుకున్నట్టు...

హంపమ్మ చేతులు రెండూ ఒళ్ళోనే ఉండాయి.