పాట ఆగకూడదు!

"తలుపు తియ్యుండ్రీ!"

ఆడగొంతు!

అంజన్న చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది. పాట అయిపోయింది. పాత గ్రామఫోన్ ప్లేటు తీశాడు. కొత్తది ఇంకా పెట్టలేదు. ఆ కాస్త నిశ్శబ్దంలో... వెనక స్టోర్‌రూమ్‌లోంచి వచ్చిందా గొంతు.

నడుముకి చల్లగా ఏదో తగులుతుంది.

కత్తి!

"ఏం సూస్తున్నవ్‌రా? ప్లేట్ వెయ్యి. జల్దీ!"

పెద్దరాములు. లారీల యజమాని త్రినాథరావు మనిషి.

అంజన్న ముల్లు దించుతాడు. నాలుగు మైకు హారన్లూ ఒక్కసారి గర్జిస్తాయి. ఆడగొంతు ఆ హోరులో మునిగిపోతుంది.

ముత్తంగిలో త్రినాథరావు లారీ షెడ్డు. 1974 వేసవి. షెడ్డంతా రంగు బల్బులు. కొడుకు పెళ్ళి రిసెప్షన్!

పోయిన వారం త్రినాథరావే సంగారెడ్డిలో అంజన్న దుకాణానికి వచ్చాడు. "మా వాడి రిసెప్షన్‌కి నీ మైకుసెట్టే కావాలయ్యా. కోడలు హైమావతికి పాటలంటే ప్రాణం," అన్నాడు. అంజన్న పొంగిపోయాడు. పట్నం వెళ్ళి కొత్త ప్లేట్లు కొనుక్కొచ్చాడు.

ఇప్పుడు ఆ ప్లేట్ల మధ్యే ఇరుక్కుపోయాడు.

"లోపల ఎవరున్నరన్నా?"

"నీకెందుకు? నీ పని నువ్వు జేస్కో."

పాట అయిపోవస్తుంది. అయిపోయింది...

"సంగయ్యను సంపిండ్రు! నన్ను గూడ సంపుతరు!"

సంగయ్య!

త్రినాథరావు దగ్గర లారీ నడిపినవాడు. సంగారెడ్డి వచ్చినప్పుడల్లా దుకాణం ముందు బండి ఆపి చాయ్ తాగిపోయేవాడు. మొన్న రోడ్డు పక్కన శవమై దొరికాడు. యాక్సిడెంట్ అన్నారు.

అయితే లోపలున్నది... అతని భార్య శివమ్మ!

ఇంకో ప్లేటు. ఇంకో పాట.

అంజన్న చెయ్యి మెల్లగా మైకు వైపు పాకుతుంది. పెద్దరాములు చూశాడు! కత్తి కిందికి దిగింది. మైకు తీగ రెండు ముక్కలు.

"హుషార్‌గున్నవే!"

త్రినాథరావు వస్తున్నాడు. పట్టు లాల్చీ. అతిథులకి నమస్కారాలు. అంజన్న పక్కకొచ్చి నిలబడతాడు. నవ్వు చెరగదు.

"దొంగ రాగి లోడు తోలనన్నాడు సంగయ్య. పోయాడు. ఇది ఆ గొడవంతా ఇక్కడ చెప్పడానికొచ్చింది. వడ్డన మొదలవగానే లారీ ఎక్కించేస్తాం. అప్పటిదాకా పాట ఆగకూడదు. ఆగిందా... అదే లారీలో నీకూ చోటు!"

వెళ్ళిపోయాడు.

ఎడమవైపు గోడ. కుడివైపు కత్తి. వెనక తాళం లేని గొళ్ళెం... దాని అవతల శివమ్మ. అరిచినా హారన్లు మింగేస్తాయి.

ఎదురుగా... మొదటి వరసలో... ఖాకీ!

పోలీస్ ఇన్‌స్పెక్టర్!

ఎలా పిలవాలి?

అంజన్న వేలు స్పీడు మీటని మెల్లగా నెడుతుంది. హారన్లలో గాయని గొంతు సాగిపోతుంది. ఆడది మగాడవుతుంది, మగాడు దున్నపోతవుతాడు. జనం పగలబడి నవ్వుతున్నారు. ఇన్‌స్పెక్టర్ నవ్వుతూ లేచి వస్తాడు.

పెద్దరాములు కత్తి చొక్కాలో దాచాడు.

"ఏమైందయ్యా నీ మిషన్‌కి?"

అంజన్న అతని చెవి దగ్గరికి వంగుతాడు. "సార్! స్టోర్‌రూమ్‌ల సంగయ్య పెండ్లాం ఉన్నది. సంపుతరట సార్!"

ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆగిపోతుంది. పెద్దరాములు వైపు తిరుగుతాడు.

"నువ్వు అవతలికి పో."

పెద్దరాములు పోయాడు! మారు మాట లేకుండా పోయాడు!

అంజన్న ఊపిరి పీల్చుకుంటాడు. బతికిన...

ఇన్‌స్పెక్టర్ త్రినాథరావుని సైగ చేసి పిలుస్తాడు.

"వీడికి తెలిసిపోయింది. లారీలో ఇద్దర్నీ ఎక్కించండి."

టేబుల్ కింద రివాల్వర్. గొట్టం అంజన్న పొట్టకి ఆనుతుంది.

"పాట పెంచు."

పెంచితే శివమ్మ చస్తుంది. తర్వాత తను. పెంచకపోతే... ఇప్పుడే తను!

అంజన్న ముల్లున్న కమ్మీని పట్టుకుని ఒక్క గుంజు గుంజుతాడు.

ఫట్!

హారన్లు ఒక్కసారి కీచుమని మూగబోతాయి. జనం కబుర్లు కూడా ఆగిపోతాయి.

"తలుపు తియ్యుండ్రీ! నేను సంగయ్య పెండ్లాన్ని!"

ఇప్పుడు అందరూ విన్నారు.

తలలన్నీ ఇటే తిరిగాయి. కుర్చీల్లో లారీ డ్రైవర్లు... సంగయ్య దోస్తులు... ఒక్కొక్కరే లేస్తున్నారు. స్టేజీ మీద హైమావతి పూలదండ తీసి పక్కన పెట్టింది. గబగబా దిగి వస్తోంది.

త్రినాథరావు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇన్‌స్పెక్టర్‌గారూ! చూస్తారేంటి? కాల్చండి వాణ్ణి!"

ధన్!

అంజన్న కళ్ళు మూసుకుంటాడు.

నొప్పి లేదు!

కళ్ళు తెరుస్తాడు. త్రినాథరావు నేల మీద... పట్టు లాల్చీ ఎర్రగా!

"హంతకుడు పారిపోబోయాడు!" ఇన్‌స్పెక్టర్ అరుస్తున్నాడు. "అందుకే కాల్చాను. అంజన్నా... నువ్వు చూశావు కదూ?"

రివాల్వర్ మళ్ళీ అంజన్న వైపే ఉంది.

అవునంటే చాలు. బతికి ఇంటికి పోవచ్చు.

వెనక గొళ్ళెం చప్పుడు. హైమావతి తలుపు తీసింది! శివమ్మ గుమ్మంలో నిలబడింది. చిరిగిన రవిక, చెదిరిన జుట్టు. వేలు పైకెత్తింది.

త్రినాథరావు వైపు కాదు!

"వీడే! నా మొగని గొంతు పిసికింది గీ పోలీసోడే! నా కండ్ల ముంగటనే!"

"అబద్ధం! చెప్పు అంజన్నా, ఏం చూశావు?"

అంజన్న శివమ్మ వైపు చూశాడు. ఇక గొంతు ఆగలేదు.

"సూసిన సార్. ఇద్దర్ని లారీ ఎక్కియ్యమన్నది నువ్వే!"

డ్రైవర్లు కదిలారు.

ఇన్‌స్పెక్టర్ వెనక్కి అడుగేస్తాడు. గోడ! పక్కకి తిరుగుతాడు. శివమ్మ! రివాల్వర్ పైకెత్తుతాడు.

ధన్!

పైకప్పు రేకు చిల్లుపడింది.

ఒక్కడూ ఆగలేదు!