బోరబండ పిల్లి

"చెవులు సాఫ్. దవుడ కింద గడ్డల్లేవు. పండ్లు... అబ్బా!"

మాట పూర్తికాకముందే పిల్లి యేసురాజు బొటనవేలు కొరికింది.

అమీర్‌పేట పశువుల దవాఖానలో కాంపౌండరు అతను. పొగరుబోతు కోడెల నోట్లో చెయ్యిపెట్టి మందు పోసినవాడు. అటువంటివాడు పిడికెడు పిల్లికి గంతేసేసరికి, దాన్ని తెచ్చిన జీవమణి నవ్వాపుకోలేకపోయింది.

పంజాగుట్టలో ఉంటుంది, మిషన్ బడిలో పంతులమ్మ. పట్నంలో ప్లేగు భయం, ఇంట్లో ఎలుకల సంత. బోరబండలో చిన్నమ్మ రూతమ్మ దగ్గరి నుంచి పిల్లిని తెచ్చుకుంది. దవాఖానలో చూపించనిదే గడప తొక్కనివ్వనన్నది తల్లి వజ్రమ్మ.

"నవ్వకుండ్రి టీచరమ్మా. దీనికి పిచ్చి ఉంటే నా గతేంది? పది రోజులు కనిపెట్టుకొని ఉండాలె. ఇది మంచిగుంటే నేను మంచిగున్నట్టు. లేకుంటే బొడ్డు సుట్టు సూదులే!"

"ముందుగాల దానికే ఒక సూది పొడవరాదుండ్రి?"

"గసొంటిది పిల్లులకు ఈడ లేదు."

"అంటే కొరికేది అది, సూదులు మీకా!"

మళ్ళీ నవ్వు. ఈసారి యేసురాజుకు వేలు నొప్పి తెలియలేదు.

మర్నాటినుంచి సాయంత్రమయ్యేసరికి అతని సైకిలు పంజాగుట్ట దారి పట్టేది. తాడుతో కట్టేసిన పిల్లి నీళ్ళు తాగిందా, కూడు ముట్టిందా అని అడుగుతాడు. చూపు మాత్రం పిల్లి మీద ఉండదు. వజ్రమ్మ చాయ్ ఇస్తుంది. చాయ్ అయిపోతుంది. లేవడానికి మనసొప్పదు.

ఒకనాడు బుర్రలో ఉపాయం మెరిసింది.

"తాడు ఇప్పుండ్రి. నడక చూడాలె. పిచ్చిదైతే తూలుతది."

"ఇల్లు మరగకముందే ఇడుస్తరా అయ్యా?" అన్నది వజ్రమ్మ.

"డాక్టరీల గట్లనే ఉంటదమ్మా!"

తాడు విప్పారు. పిల్లి తూలలేదు. ఒక్క దూకులో గోడెక్కి మాయమైంది.

"నడక మస్తుగున్నది," అన్నది జీవమణి. అంతలోనే ఆమె ముఖం పాలిపోయింది. "దొరకకుంటే?"

"రేపటికెల్లి సూదులు," అన్నాడు యేసురాజు.

పాత ఇంటికే పోయుంటదన్నది వజ్రమ్మ. ముగ్గురూ బోరబండకు బయలుదేరారు. సన్నని చినుకులు. కొంగు నెత్తిన కప్పుకొని, రాళ్ళ సందుల్లో "మ్యావ్ మ్యావ్" అని పిలుస్తూ వజ్రమ్మ ముందు నడిచింది. ఇద్దరూ వెనకబడ్డారు.

"నేను పిల్లిని తేకపోతే మీకు గీ గండం రాకపోవు," జీవమణి కళ్ళు తుడుచుకుంది.

"తప్పు నాది. నడక చూసుడు ఉత్తదే."

"మరెందుకు ఇప్పమన్నరు?"

"ఇంకో జరసేపు కూసుందామని."

ఆమె గబగబా నాలుగడుగులు ముందుకు వేసింది. మళ్ళీ ఆగి, అతను వచ్చేదాకా నిలబడింది.

రూతమ్మ ఇంటి అరుగు మీద పిల్లి దర్జాగా మూతి తుడుచుకుంటోంది. యేసురాజు ముంత ముందు పెడితే గటగటా నీళ్ళు తాగింది. కళ్ళు తేటగా ఉన్నాయి.

"మంచిగనే ఉన్నది!" అతను కూలబడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు.

"ఇది ఈడనే ఉండనీ," అన్నది వజ్రమ్మ. "మిగిలిన రోజులు రూతమ్మ చూసి కబురంపుతది. ఇగ నువ్వు మా ఇంటికి వచ్చే పనిలేదు బిడ్డా."

సూదులు తప్పినవాడి ముఖం సూదులు పడ్డవాడిలా అయింది.

"పనున్నది," అన్నది జీవమణి. తల్లివైపు చూడకుండా అతనితో అంది: "ఆదివారం ప్రార్థన అయినంక రా. నాయన ఇంట్లనే ఉంటడు."

'మీరు' పోయి 'నువ్వు' రావడం యేసురాజు విన్నాడు, వజ్రమ్మ కూడా విన్నది.

"పిల్లే లేదాయె. ఎవలిని చూడనీకి?" అన్నాడు యేసురాజు.

"నువ్వు చూసేదేం లేదు. నిన్ను చూస్తరు."

వజ్రమ్మ కూతురి ముఖం చూసింది. తర్వాత పిల్లవాణ్ణి, సంతలో ఎద్దును చూసినట్టు, కింది నుంచి మీదికి నిదానంగా చూసింది.

"కల్లు తాగుతవా?"

"తాగనమ్మా."

"కోడికూర?"

"మస్తు తింట."

"అయితే జల్ది రా. నాటుకోడి, ఉడకనీకి చానసేపు పడ్తది."