వంగకుండా విరిగింది

తలుపు కొట్టినవాడు లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడి, అట్టపెట్టెని పసిబిడ్డలా గుండెకి అదుముకుని, "విరిగినవి చూసి ఎందుకు విరిగాయో చెప్తారంట... ఇక్కడేనా?" అన్నాడు.

"ఇక్కడే. లోపలికి రండి," అంటూ టైపిస్టు కుర్చీ జరిపాడు. ఒకప్పుడు కోర్టులో టైపు కొట్టిన పాపానికి అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు సర్వేయరమ్మ దగ్గర అసిస్టెంటు. ఆమె చాలా ఏళ్ళు ఇన్సూరెన్సు వాళ్ళ తరఫున నుజ్జయిన బళ్ళు చూసి, ఎవరు నిజం చెబుతున్నారో ఎవరు బొంకుతున్నారో తేల్చిన మనిషి. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూస్తోంది. ఆమె మాటంటే టైపిస్టుకి వేదవాక్కు.

"కూర్చో నాయనా. పెట్టె కింద పెట్టు, ఎవరూ ఎత్తుకుపోరులే," అంది సర్వేయరమ్మ.

పెట్టెలో మూరెడు పొడవున్న రిమోట్ బగ్గీ ఉంది. మట్టిలో, ఎగుడుదిగుళ్ళలో పందేలకి వాడేది. వెనక కుడి చక్రం ఊడి వేలాడుతోంది.

"ఈ బండి తగిలి మా అన్నయ్య పోయాడండీ. నడిపింది నేనే. మెకానిక్కు అన్నయ్య."

ఆటబొమ్మ తగిలి మనిషి పోవడమేమిటి అన్న మాట టైపిస్టు నోటిదాకా వచ్చింది. బండి చేత్తో ఎత్తాక ఆ మాట మింగేశాడు. రెండు ఇటుకలంత బరువుంది. మోటారుసైకిలు వేగంతో వచ్చి కణతకి తగిలితే ఇంకేముంది!

"జరిగింది జరిగినట్టు చెప్పు," అంది సర్వేయరమ్మ.

"ఆఖరి పందెమండీ. పెద్ద ర్యాంపు ఎక్కుతోంది బండి. వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఈ నైలాన్ చెయ్యి ఉంది చూడండి, ఆర్మ్ అంటాం, అది టప్‌మని విరిగింది. బండి పక్కకి ఎగిరింది. మలుపులో బోల్తాపడిన వేరేవాళ్ళ బండిని నిలబెడదామని అన్నయ్య వంగున్నాడు." అతను తన కణత మీద వేలు పెట్టి చూపించాడు.

"మెకానిక్కు నీ పక్కన కదా ఉండాలి?"

"ఎప్పుడూ నా పక్కనే ఉంటాడు. ఆ మలుపులో నిలబడి, పడిన బళ్ళు ఎత్తే మనిషికి కాలు మడతపడిందని, అతని బదులు అప్పటికప్పుడు పరిగెత్తాడు. నా ఖర్మ!"

"పోలీసులేమంటున్నారు?"

"బండి చూసి తిరిగిచ్చేశారు. నన్ను మాత్రం రోజూ పిలుస్తున్నారు. ముందురోజు అందరి ముందూ మేమిద్దరం గొడవపడ్డాం. నేల గట్టిగా ఉంది, వెనక మెత్తగా ఉంచుదామని అన్నయ్య. షాక్ అబ్జార్బర్ కింది కొసని ఆర్మ్ మీద బయటి రంధ్రానికి మార్చి గట్టి చేద్దామని నేను. నా పంతమే నెగ్గింది." అతను చేతులు జోడించాడు. "పోలీసుల సంగతి అలా ఉంచండి. నేను గట్టి చేయబట్టే విరిగిందా? అన్నయ్యని చంపింది నేనేనా? అది తెలియక నరకం చూస్తున్నానండీ. అమ్మ పోయాక నన్ను పెంచింది మా వదిన. ఆవిడ మొహం చూడలేకపోతున్నాను. నిజమైతే నిజమనే చెప్పండి."

సర్వేయరమ్మ ఆర్మ్‌ని బండికి పట్టి ఉంచే ఉక్కు పిన్నుని లాగి, బల్లమీది అద్దం మీద దొర్లించింది. ఎక్కడా ఎగరకుండా సాఫీగా దొర్లింది. తర్వాత విరిగిన ముక్కని వెలుగులో పట్టుకుంది.

"టైపిస్టూ, ఏం కనిపిస్తోంది?"

"విరిగిందండీ."

"అబ్బో, ఎంత కనిపెట్టావయ్యా! ఎలా విరిగింది?"

టైపిస్టు చెవులు ఎర్రబడ్డాయి. "నున్నగా. గాజుపెంకులా. రంగు లేత టీ రంగు."

"కొత్తవి తెల్లగానే ఉంటాయండీ," అన్నాడు డ్రైవరు. "ఇంట్లో పాత టీ గిన్నె ఉంది. అన్నయ్య వాటిని అందులో ఉడికిస్తాడు, అందుకే ఆ రంగు. నీళ్ళు పీల్చుకుంటే నైలాన్ వంగుతుంది గానీ విరగదు. ఉడికించాక తడిగుడ్డలో చుట్టి వంటింట్లో పెడతాడు. ఒకసారి వదిన తెలియక ఓవెన్ పక్కన పెడితే ఇంతెత్తున లేచాడు, ఎండితే పుల్లల్లా విరుగుతాయని."

"ఆ రోజు బిగించిందెవరు?"

"నేనే. అన్నయ్య పొద్దున ఇంటి నుంచి తెచ్చాడు, చేతికివ్వగానే బిగించాను. కాస్త వంకరగా ఉండి పిన్ను మీద పట్టేశాయి. వదిలితే ఆర్మ్ దాని బరువుకదే కిందికి జారాలి, జారలేదు. రంధ్రం గీకి సరిచేశాను. పక్క బల్ల దగ్గర పోయినేడు గెలిచిన ఛాంపియన్ ఉన్నాడు, చూసి నవ్వాడు కూడా."

"ముందురోజు నువ్వు ఇంటికి వెళ్ళలేదా?"

"లేదండీ. అన్నయ్య మీద అలిగి ట్రాక్ దగ్గరే, క్లబ్బు వాళ్ళ టెంట్‌లో ఉండిపోయాను."

మర్నాడు సర్వేయరమ్మ, టైపిస్టు ట్రాక్‌కి వెళ్ళారు. ఛాంపియన్ తన బండికి మట్టి దులుపుతూ, తలెత్తకుండానే జవాబులిచ్చాడు.

"వాళ్ళ బండి ముట్టుకున్నావా?" అంది సర్వేయరమ్మ.

"నాకేం ఖర్మ? గెలవాలంటే ట్రాక్ మీదే గెలుస్తాను."

"ఓడిపోతావని భయం లేదూ?"

"ఉంది. ఎందుకుండదు? ఆ పందెం గెలిస్తే ఒక పెద్ద టీమ్ ఆ అన్నదమ్ముల్ని తీసుకెళ్తానంది. అన్న ఉద్యోగానికి రాజీనామా కూడా రాసుకున్నాడు. ఇక ఏడాదంతా ఊళ్ళు పట్టుకు తిరగడమే. పెళ్ళాన్నీ పిల్లనీ వదిలేసి ఎలా వెళ్తావయ్యా అంటే నవ్వేశాడు, పాపం."

ఆర్మ్‌లు పోసే ఆయన వర్క్‌షాపు ఒక గ్యారేజీ వెనక ఉంది. అందరూ ఆయన్ని అచ్చులాయన అంటారు. "జనం ప్యాకెట్లు తెచ్చి మొహాన కొట్టి పోతున్నారమ్మా. ఉడికించకుండా వాడినా నా ఆర్మ్ అంత తేలిగ్గా విరగదు. ఉడికిస్తే ఇక చెప్పక్కర్లేదు," అన్నాడు. ప్యాకెట్టు విప్పితే లోపలివి పాలలా తెల్లగా ఉన్నాయి. సర్వేయరమ్మ కొన్ని అడిగి తీసుకుంది.

ఆఖరికి వదినగారి ఇల్లు. ఆమె దుకాణాలకి కేకులు చేసిచ్చే మనిషి. వంటింట్లో సగం ఓవెనే ఆక్రమించింది. భర్త పోయి వారమైనా కాలేదు, అప్పుడే పనిలో పడింది. ఓవెన్‌లో నారింజ చక్కెలు పరిచి ఉన్నాయి.

"ఇవేమిటమ్మా?" అని అడిగాడు టైపిస్టు, ఏదో ఒకటి మాట్లాడాలని.

"కేకుల మీదికి. సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచితే తడంతా లాగేస్తుంది," అంది ఆమె, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

"మీ మరిది మీద మీకు అనుమానం ఉందా?" అంది సర్వేయరమ్మ.

అప్పటిదాకా రాయిలా నిలబడిన మనిషి ఒక్కసారి భోరుమంది. "వాడికేం తెలీదండీ! వాణ్ణి వదిలేయమనండి!"

బయటికొచ్చాక టైపిస్టు కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంత ప్రేమండీ ఆవిడకి!"

"అవునయ్యా. అదే నన్ను భయపెడుతోంది," అంది సర్వేయరమ్మ.

రెండు రోజుల తర్వాత క్లబ్బు రేకుల షెడ్డులో అందరినీ కూర్చోబెట్టింది. గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టరు నిలబడ్డాడు. బల్లమీద బండి, పక్కన రెండు ఆర్మ్‌లు, రెండూ టీ రంగువే.

"డ్రైవరూ, ముందు నీ ప్రశ్న. షాక్ గట్టిగా ఉండి బరువంతా ఆర్మ్ మీద పడితే ముందు ఈ పిన్ను వంగాలి. ఇది సూదిలా తిన్నగా ఉంది. పెద్ద దెబ్బేమీ తగల్లేదు. నీ పంతం వల్ల విరగలేదు."

డ్రైవరు తల వంచుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

ఆమె ఒక ఆర్మ్ తీసి రెండు చేతులతో వంచింది. విల్లులా వంగింది. వంగినచోట తెల్లటి చార తేలింది గానీ విరగలేదు. "ఇది టీ గిన్నెలో ఉడికించింది." రెండోది తీసి వంచబోయింది. టప్‌మంది. అచ్చులాయన ఉలిక్కిపడ్డాడు. ముక్క అంచు గాజుపెంకులా నున్నగా ఉంది, చారే లేదు. "ఇదీ అదే గిన్నెలో ఉడికిందే. తర్వాత ఓవెన్‌లో సన్నటి వేడి మీద పెట్టి, తడి చుక్క లేకుండా ఎండబెట్టాను. కాస్త వంకర కూడా తిరిగింది. ఆ రోజు పిన్ను మీద పట్టేసినట్టే."

"అంటే ఎవరో మార్చేశారా?" అన్నాడు ఛాంపియన్.

"మార్చలేదు. నువ్వో అచ్చులాయనో మార్చి ఉంటే తెల్లటివి ఉండేవి. టీ రంగుందంటే అవి వాళ్ళ ఇంటివే. పొద్దున ఇంటి నుంచి వచ్చాయి, వచ్చిన వెంటనే బిగించారు. ఇక్కడ ఎండబెట్టే వ్యవధి లేదు, ఓవెనూ లేదు. తమ్ముడు ముందురోజు ఇంటికే వెళ్ళలేదు. అన్న గెలుపు కోసం రాజీనామా రాసుకున్నవాడు, తన బండి తనెందుకు పాడుచేసుకుంటాడు? ఇక ఆ ఇంట్లో మిగిలింది ఒక్కరు."

టైపిస్టుకి వెనక్కి తిరిగి చూడాలంటే ధైర్యం చాల్లేదు.

"చంపాలని కాదు," అంది సర్వేయరమ్మ, గొంతు తగ్గించి. "మెకానిక్కు డ్రైవరు పక్కనే ఉంటాడని ఆమెకి తెలుసు. బండి విరగాలి, ఓడిపోవాలి, అంతే. అవునా అమ్మా?"

వదిన లేచి నిలబడింది. చీరకొంగు నోటికి అడ్డంపెట్టుకుని, మళ్ళీ తీసేసింది.

"ఓడిపోతే ఇంట్లో ఉంటాడనుకున్నాను. పాప పుట్టినప్పుడూ పందెమే, దానికి జ్వరమొచ్చినా పందెమే. ఎండితే విరుగుతాయని ఆయనే కదా చెప్పాడు! ఆయన నిద్రపోయాక ఓవెన్‌లో పెట్టి, తెల్లారేసరికి మళ్ళీ తడిగుడ్డలో చుట్టాను. మలుపులోకి వెళ్తాడని నేను కల గన్నానా?" ఆమె మరిది వైపు చూసింది. "నిన్ను పోలీసులు పిలిచిన ప్రతిరోజూ చెప్పేద్దామనే అనుకున్నానురా. నేను జైలుకి పోతే పాపకి ఎవరున్నారని, రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ..."

డ్రైవరు లేచి ఆమె దగ్గరికి వెళ్ళాడు. కొడతాడేమోనని ఇన్‌స్పెక్టరు ఒక అడుగు ముందుకేశాడు. అతను ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నాతో ఒక్క మాట అనాల్సింది వదినా! సుత్తి పెట్టి నేనే బద్దలుకొట్టేవాణ్ణి కదా ఆ బండిని!"

ఆమె అతని మొహంలోకి చూసింది. "నీకు చెప్పొచ్చని నాకు తట్టనే లేదురా," అంది.

రేకుల మీద ఎండకి టకటకమని చప్పుడవుతోంది. ఇన్‌స్పెక్టరు గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. ఆమె తలూపి, నడవబోయి ఆగింది.

"ఇంకాసేపట్లో పాప స్కూలు వదులుతారు. గేటు దగ్గర నేను కనిపించకపోతే ఏడుస్తుంది."

"నేను తీసుకొస్తాను," అన్నాడు డ్రైవరు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "మేడమ్, అమ్మేదీ అని అడిగితే ఏం చెప్పమంటారు?"

సర్వేయరమ్మ టైపిస్టు వైపు చూసింది. అతను మెల్లగా లేచి డ్రైవరు భుజమ్మీద చెయ్యి వేసి, "పద బాబూ, నేనూ వస్తాను," అన్నాడు.