అమ్మమ్మ కేబుల్, నాన్న కెమెరా

"మళ్ళీ అలికేసినట్టే వచ్చింది," అంది అమ్మమ్మ, కెమెరా తెరలోకి కళ్ళు చికిలించి చూస్తూ.

నాన్న వడ్రంగి. ఇంటి వెనకాలే ఆయన వర్క్‌షాపు. ఆ మధ్యాహ్నం అందులో కొత్త భోజనాల బల్ల ఒకటి తళతళా మెరుస్తోంది. అంచుల చుట్టూ తీగలు, తీగల నిండా చిన్న చిన్న ఆకులు. అవి చెక్కడానికి నాన్నకు వారాలు పట్టింది. దాన్ని కొనుక్కున్నవాళ్ళు సాయంత్రం వ్యాన్ పంపిస్తారు. ఆ తర్వాత బల్ల కావాలన్నా కనపడదు. ఈలోపే మంచి ఫోటో ఒకటి తీసి పెట్టుకోవాలి. కొత్తగా వచ్చేవాళ్ళకు తన పనితనం చూపించుకోవడానికే నాన్న ఈమధ్య డిజిటల్ కెమెరా కొన్నాడు.

కొన్నాడే గానీ ఫోటోలు కుదరడం లేదు. ఫ్లాష్ వేస్తే ఆ వెలుగు పాలిష్ మీద పడి, బల్ల మధ్యలో సున్నం ఒలికినట్టు తెల్లమచ్చ. వెయ్యకపోతే చీకటి.

అమ్మమ్మకు వెలుగు సంగతి కొట్టిన పిండి. ఒకప్పుడు ఆవిడ సొంతంగా ఫోటో స్టూడియో నడిపింది. కానీ ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. బటన్ నొక్కగానే స్టాండు మీదున్న కెమెరా కూడా ఆవిడతోపాటు వణుకుతోంది.

"పోనీ, టైమర్ పెడదామా అత్తయ్యా?" అన్నాడు నాన్న.

"ఆ మబ్బులు చూడవయ్యా, ఎలా పరుగులు పెడుతున్నాయో! ఎండ తలుపులోంచి వచ్చి బల్ల మీద పడిన క్షణంలోనే నొక్కాలి. నీ టైమర్ అంకెలు లెక్కపెట్టుకునేలోపు ఎండ కాస్తా వెళ్ళిపోతుంది. నా పాత కేబుల్ ఉంటే ఎంత బాగుండేదో!"

"కేబులా? అదేంటి అమ్మమ్మా?" అంది మిరియం.

ఆ అమ్మాయి అసలు పేరు స్కూల్లో హాజరు పట్టీలో మాత్రమే ఉంటుంది. ఐదో తరగతికి వచ్చినా పిడికెడంత మనిషి, నోరు మాత్రం మహా ఘాటు. అందుకని ఇంట్లో అందరికీ మిరియమే.

"సన్నటి గొట్టం. లోపల ఒక తీగ ఉంటుంది. ఒక కొస కెమెరా బటన్‌కి బిగించి, రెండో కొస చేత్తో పట్టుకుని నొక్కుతాం. చెయ్యి వణికినా కెమెరా కదలదు. నా ట్రంకుపెట్టెలో ఎక్కడో ఉండాలి."

మాట పూర్తయ్యేలోపే మిరియం ఇంట్లోకి తుర్రుమంది. పెట్టెలో బట్టలన్నీ కుప్పపోసి మరీ కేబుల్ పట్టుకొచ్చింది. నల్లటి మెత్తటి గొట్టం. కొసన మర చుట్లున్న చిన్న ముక్కు. వెనక నొక్కితే ఆ ముక్కులోంచి సన్నటి సూది బయటికి తొంగిచూస్తోంది.

అమ్మమ్మ దాన్ని చూసి మురిసిపోయింది. తర్వాత కెమెరా బటన్ మీద వేలితో తడిమి పెదవి విరిచింది.

"దీని బటన్ నున్నగా ఉందే! పాతవాటికి బటన్ మధ్యలో మర ఉండేది. ఆగు, తొందరపడకు. కళ్ళజోడు తెచ్చుకుంటా. మీ నాన్న బయట ఫోను మాట్లాడుతున్నాడు, వచ్చాక ముగ్గురం కూర్చుని ఆలోచిద్దాం."

అమ్మమ్మ అటు వెళ్ళిందో లేదో, మిరియం కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసింది. పక్కన చిన్న రబ్బరు మూత. గోటితో ఎత్తింది. కింద గుండ్రటి చిల్లు!

'ఇదిగో, ఇక్కడుంది! దీనికి ముగ్గురెందుకు?' అనుకుంటూ కేబుల్ ముక్కు అందులో పెట్టింది. కొంచెం వెళ్ళి ఆగిపోయింది. పెదవి బిగబట్టి తోసింది. ఇంకొంచెం వెళ్ళింది. ఇంకా గట్టిగా మెలితిప్పింది.

లోపల ఏదో కిర్రుమంది.

అంతే! టక్, టక్, టక్, టక్... ఎవరూ ముట్టుకోకుండానే కెమెరా తనంతట తాను ఫోటోలు తీసేసుకోవడం మొదలుపెట్టింది.

"అయ్యో! ఆగు! ఆగవే తల్లీ!"

మిరియం కేబుల్ పట్టుకుని లాగింది. రాలేదు. స్టాండు మీదనుంచి ఊడదీసి పైకెత్తింది, కిందికి దించింది. ఏం చేసినా టక్కుటక్కులు ఆగలేదు. చివరికి అమ్మమ్మ పరుగున వచ్చి స్విచ్ ఆపేసింది.

అప్పుడే నాన్న లోపలికొచ్చాడు. "ఏమైంది?"

మిరియం అమ్మమ్మ మొహంలోకి చూసింది. అమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడింది.

"నేనే నాన్నా," అంది మిరియం. నోట్లో ఘాటంతా ఎటు పోయిందో, గొంతు పీలగా వచ్చింది. "చిల్లు కనిపిస్తే కేబుల్ పెట్టాను. పట్టకపోతే... తోశాను."

నాన్న కెమెరా వైపు చూశాడు. బల్ల వైపు చూశాడు. గోడ గడియారం వైపు చూశాడు. గట్టిగా ఊపిరి వదిలి, "పద, రిపేరు షాపుకి," అన్నాడు.

దారిలో మిరియం నాన్న అడుగులను అందుకోవడానికి పరుగులాంటి నడక నడిచింది.

"కోపంగా ఉందా నాన్నా?"

"ఉంది. పని పూర్తయ్యాక తీరిగ్గా కోప్పడతాను. ఇప్పుడు టైం లేదు."

వీధి చివర రిపేరు షాపు బీరువాలో సగమంత ఉంటుంది. లోపల ఒక అక్క నుదుటి మీద భూతద్దం పెట్టుకుని కూర్చుంది. కెమెరా చూడగానే ఆవిడ కనుబొమలు పైకి లేచాయి.

"ఎవరు చేశారీ ఘనకార్యం?"

"నేనే," అంది మిరియం నేల చూస్తూ.

"బలం బాగానే ఉందే నీకు!"

అక్క సన్నటి పట్టకారు తీసుకుని, అటు కొంచెం ఇటు కొంచెం కదుపుతూ, పసిపిల్ల కాలిలో ముల్లు తీసినంత మెల్లగా కేబుల్ ముక్కు బయటికి తీసింది. తర్వాత కెమెరా ఆన్ చేసి, ఫోటోలు వరసగా చూడసాగింది. చూస్తూ చూస్తూ ఫక్కున నవ్వేసింది.

తెర నిండా మిరియమే! నోరు తెరిచిన మిరియం. ముక్కు మాత్రమే ఉన్న మిరియం. పైకప్పు. అమ్మమ్మ చెప్పులు. మళ్ళీ గుడ్లు తేలేసిన మిరియం. నాన్న నవ్వకూడదని మీసం కొరుక్కున్నాడు గానీ ఆగలేక నవ్వేశాడు.

"కెమెరాకు ఏమీ కాలేదు," అంది అక్క. "ఈ చిల్లు మాత్రం ఇక పనిచెయ్యదు. లోపలి రేకు విరిగింది. ఇది కరెంటుతో పనిచేసే కొత్త రిమోట్ వైరు కోసం పెట్టింది. మీ కేబుల్లో కరెంటే లేదు. అది ఉత్తి ఇనుప వేలు. ఆ ముక్కు వెళ్ళి లోపలి రేకుల్ని ఒకదానికొకటి అంటించేసింది. పాపం కెమెరా, ఎవరో బటన్ నొక్కి పట్టుకున్నారనుకుంది."

"అయితే అమ్మమ్మ కేబుల్ పారెయ్యాల్సిందేనా?" మిరియం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎందుకు పారెయ్యడం? వేలు వేలే కదా, బటన్ నొక్కుతుంది. దాన్ని బటన్ మీద కదలకుండా నిలబెట్టేది ఏదైనా ఉండాలి. అలాంటి బిగింపులు దొరుకుతాయి గానీ నా దగ్గర లేవు."

నాన్న గడ్డం గోక్కున్నాడు. "చెక్కతో చేస్తే?"

"భేషుగ్గా ఉంటుంది," అంది అక్క.

ఇంటికి రాగానే నాన్న మిగిలిపోయిన టేకు ముక్కలు వెతికాడు. కెమెరా కింద ఒక ముక్క, పక్కన నిలువుగా ఒకటి, బటన్ పైన అడ్డంగా ఒకటి. మూడూ కలిపి మేకులు కొడితే కెమెరాకు చిన్న గొడుగు పట్టినట్టుంది. ఇక పైముక్కకు చిల్లు పెట్టి, అందులో కేబుల్ ముక్కు బిగిస్తే సరి. నాన్న పెన్సిల్‌తో గుర్తు పెట్టి డ్రిల్లు అందుకున్నాడు.

"ఆగు నాన్నా!"

మిరియం వంగి, ఒక కన్ను మూసి, పెన్సిల్ గుర్తునూ బటన్‌నూ మార్చి మార్చి చూసింది. "మధ్యలోకి రాలేదు. కొంచెం పక్కకి పోయింది. ఇంకోసారి కొలుద్దామా?"

కొలిచారు. నిజమే, బియ్యపు గింజంత తేడా వచ్చింది. నాన్న పాత గుర్తు చెరిపి కొత్తది పెట్టాడు.

చిల్లు పూర్తయ్యేసరికి బయట హారన్ మోగింది. వ్యాన్ వచ్చేసింది.

అమ్మమ్మ కేబుల్ ముక్కు చిల్లులో పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. వేళ్ళు వణికి జారిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. ఆకాశంలో ఇంకో పెద్ద మబ్బు బయల్దేరింది.

"మిరియం, నువ్వు తిప్పెయ్యమ్మా. వాళ్ళు ఎదురుచూస్తున్నారు," అన్నాడు నాన్న.

మిరియం చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది. రెండు క్షణాల పని! కానీ అమ్మమ్మ వైపు చూసింది. ఆవిడ పెదవుల మీద చిరునవ్వుతో, మర పట్టే చోటు వేలికొసలతో వెతుక్కుంటోంది.

మిరియం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మమ్మ తిప్పుతుంది నాన్నా. తనకు కావాలంటే పిలుస్తుంది. వ్యాన్ వాళ్ళ సంగతి నేను చూసుకుంటా."

మంచినీళ్ళ జగ్గు, గ్లాసులు పట్టుకుని వీధిలోకి వెళ్ళింది.

"బల్ల సిద్ధమేనా పాపా?" అన్నాడు డ్రైవరు.

"సిద్ధమే అంకుల్. మా అమ్మమ్మ ఫోటో తీస్తోంది. ముందు చల్లగా మంచినీళ్ళు తాగండి."

డ్రైవరు తాగాడు. పక్కనున్న మనిషికి ఇంకో గ్లాసు పోస్తుంటే మబ్బు తప్పుకుని వీధంతా ఎండ కాసింది. వర్క్‌షాపులోంచి 'టక్' మని వినిపించింది. ఒకే ఒక్కసారి.

ఆ తర్వాత అమ్మమ్మ గొంతు ఖంగుమంది.

"మిరియం! తీగలో ఆకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చే! రా, వచ్చి చూడు!"

మిరియం కాళ్ళు అప్పుడే లోపలికి పరిగెత్తబోయాయి గానీ, చేతులు జగ్గును వదల్లేదు. గ్లాసు నిండేదాకా పోసి, ఆయన చేతికి జాగ్రత్తగా అందించి, అప్పుడు పరుగందుకుంది.