వారం కిందటి మంచు

కెనడా ఉత్తర కొసన, రెజల్యూట్ తీరంలో హోలిస్ శవాన్ని మంచులోంచి తవ్వి తీసిన గంటకే గూఢచారి ఆపియాకు ఒట్టావాలోని నిఘా విభాగం నుంచి, హంతకుణ్ణి కనిపెట్టమని ఆర్డర్ వచ్చింది. శవం మెడ వెనక సూదిపోటు ఉందట. రాడార్ ఉపగ్రహం పంపే చిత్రాలు చూసి, సముద్రం మీద మంచు ఎక్కడ గట్టిగా ఉందో మ్యాపు గీయడం అక్కడి రాడార్ స్టేషన్‌లో హోలిస్ పని. ఆ మ్యాపునే నమ్ముకుని పన్నెండు మంది సైనిక రేంజర్లు స్నోమొబైళ్ళ మీద గడ్డకట్టిన జలసంధి దాటుతున్నారు. విదేశీ ముఠా ఒకటి మంచు కింద దించిన నిఘా యంత్రాన్ని పట్టుకోవడానికి. వాళ్ళ నాయకుడు జోనసీ, ఆపియాకు మేనమామ.

ఆపియా కొత్త టెక్నీషియన్ వేషంలో స్టేషన్‌లో అడుగుపెట్టింది. అక్కడి రాడార్ శాస్త్రవేత్త మార్గో, వెండి నక్క తోలు కోటులో నవ్వుతూ కోడ్ వర్డ్ చెప్పింది. మూడేళ్ళుగా ఒట్టావాకు ముఠా రహస్యాలు అందిస్తున్న మనిషి.

మార్గో బయటికి వెళ్ళగానే ఆపియా ఇవాళ్టి చిత్రాన్ని పోయిన వారం చిత్రం పక్కన పెట్టింది. గరుకైన పాత మంచు తెల్లగా, నున్నటి కొత్త మంచు నల్లగా. ఒక్క చుక్క తేడా లేదు. మూడు రోజుల తుఫాను తర్వాత కూడా? పాత చిత్రం మీద ఎవరో తేదీ మాత్రం మార్చారు.

చెరిపేసిన ఫైళ్ళలో అసలు చిత్రం దొరికింది. జలసంధి నడిమధ్య కిలోమీటరు వెడల్పున మంచు విడిపోయింది. రేంజర్ల దారి నేరుగా అందులోకే. పన్నెండుకల్లా అక్కడికి చేరతారు. ఇప్పుడు పదకొండూ యాభై.

మైకు అందుకుని మావయ్యను పిలిచింది. రేడియోలో గురగుర తప్ప ఏమీ లేదు. వెనక తలుపు గొళ్ళెం పడింది.

"హోలిస్ కూడా ఇలాగే పక్కపక్కన పెట్టి చూశాడు," అంది మార్గో, పిస్తోలు ఎత్తి.

"నువ్వు మా మనిషివి కదా."

"అటూ మనిషినే, ఇటూ మనిషినే. మైకు కింద పెట్టు తల్లీ. పది నిమిషాల్లో అంతా ప్రమాదం అని రాసుకుంటారు."

బల్ల మీది మార్గో ఫ్లాస్కు మూతలో పచ్చ లైటు మిణుకుమంది. రేడియో సిగ్నల్‌ను నొక్కేస్తున్నది అదే. ఆపియా మైకు జారిపోనిచ్చి, అందుకోబోతున్నట్టు వంగి, బల్లను మార్గో మీదికి తిరగేసింది. గుండు పైకప్పులోకి పోయింది. ఫ్లాస్కు పగిలింది. పిస్తోలు ఆపియా చేతికి చిక్కింది. రెండో చేత్తో మైకు అందుకుంది.

"మావయ్యా, ఆగు. ముందంతా నీళ్ళు."

రేడియోలో గురగుర ఆగింది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ పిలిచింది.

చాలాసేపటికి రొప్పుతున్న ఊపిరి వినిపించింది.

"ఆగాం. నా బండి ముందు భాగం నీళ్ళ మీద వేలాడుతోంది. వెనక్కి లాగుతున్నారు."

ఆపియా గోడకు చేరగిలబడింది. పిస్తోలు మాత్రం మార్గో మీదే ఉంది.

"ఆపియా," అన్నాడు జోనసీ. "ఒట్టావా వాళ్ళకు అంతా చెప్పు. మీ అత్తకు మాత్రం ఒక్క ముక్క చెప్పకు."