ఖాళీ ట్యాంకు, పొడి నేల

"రేసు కారులో నిన్న సాయంత్రం నిండుగా ఉన్న నీళ్ల ట్యాంకు పొద్దున్నకల్లా ఖాళీ. కింద చుక్క తడి లేదు. నేను తాళం తిప్పగానే ఇంజను ధడేల్‌మని బిగుసుకుపోయిందండీ. తప్పంతా నాదేనంటున్నాడు అన్నయ్య. ఇక షెడ్డులో అడుగుపెట్టొద్దంటున్నాడు."

గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చింది మెకానిక్. డిటెక్టివమ్మ ఆమెకు మంచినీళ్లిచ్చి, భర్తను కారు తీయమంది. కేసుల్లో ఆవిడకు సహాయకుడు ఆయనే. రిటైరైన లెక్కల మాస్టారు. భార్య బుర్ర చూసి మురిసిపోవడం ఆయనకు ఇన్నేళ్లయినా విసుగు పుట్టలేదు.

షెడ్డులో కారు యజమాని, దాన్ని ఆదివారం కొండదారి పోటీలో నడపాల్సిన రేసరు, మెకానిక్ అన్నయ్య ఉన్నారు. ఇంజనులోకి టర్బో కుక్కి పంపే గాలి కాగిపోతుంది కనుక, అందులోకి నీళ్లూ ఆల్కహాలూ కలిపి తుంపరగా చిమ్మే ఏర్పాటు చేశానని మెకానిక్ చూపించింది. డిక్కీలో ఎత్తున ట్యాంకు, పక్కనే పంపు, దాని స్విచ్చు డ్రైవరు సీటు దగ్గర, పంపునుంచి ఇంజను దాకా గొట్టం, దాని చివర సూదిబెజ్జమంత నాజిల్.

"నీళ్లు ఆవిరైపోయాయేమోనోయ్" అన్నాడు మాస్టారు.

"మూత బిగించే ఉంది కదండీ" అంటూ ఆవిడ గొట్టం వెంట వేళ్లు పోనిచ్చి, ఒకచోట ఆగింది. అక్కడ చూసి మెకానిక్ తెల్లబోయింది. పంపు ఒత్తిడి లేనిదే చుక్క వదలని వాల్వును తాను బిగించిన చోట ఇప్పుడు మామూలు జాయింటు ఉంది.

ఆవిడ ఒక్కొక్కరినీ విడిగా అడిగింది. యజమాని నిన్న ఊళ్లోనే లేడు. నిన్న సాయంత్రం ట్యాంకు నింపి చెల్లెలు బజారుకెళ్లినప్పుడు తాను అటు తిరిగి లేతు మిషను మీద పనిలో ఉన్నానని, పంపు జుయ్‌మంటే ఆమె వచ్చేసిందనుకున్నానని అన్నయ్య చెప్పాడు. అప్పుడు డ్రైవరు సీటు సరిచేసుకుంటున్న తనకు మాత్రం ఏ చప్పుడూ వినబడలేదన్నాడు రేసరు. రోజూ పొద్దున్నే మొదట కారు స్టార్టు చేసేదెవరని అడిగితే, రేసరేనట. ఆవేళ మాత్రం తాళం మెకానిక్ చేతిలో పెట్టాడు.

అందరినీ కారు చుట్టూ నిలబెట్టి ఆవిడ మొదలుపెట్టింది.

"నీళ్లు ఎక్కడికీ పోలేదు, ఇంజనులోకే పోయాయి. వాల్వు తీసేస్తే ఎత్తునున్న ట్యాంకు రాత్రంతా చుక్కచుక్కగా గాలిగొట్టంలోకి కారుతుంది. తాళం తిప్పగానే ఆ నీళ్లు సిలిండర్లోకి పోతాయి. నీళ్లు నొక్కితే గాలిలా కుదించుకుపోవు. అందుకే లోపలి పిస్టను రాడ్డు వంగింది. కానీ కారడం మొదలవ్వాలంటే ముందు గొట్టం నిండాలి. అంటే పంపు ఒకసారి తిరిగి తీరాలి. లేతు హోరులో ఈ అమ్మాయి అన్నయ్యకు వినబడిన చప్పుడు, స్విచ్చు పక్కనే కూర్చున్న మీకు వినబడలేదా?"



"పోయినసారి మలుపులో బోల్తా పడ్డప్పటినుంచీ స్టీరింగు పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి" అన్నాడు రేసరు. "పరువు పోతుందని చెప్పలేకపోయాను. కారు చెడిపోతే నడపక్కర్లేదని వాల్వు తీసేశాను."

"మీ పరువు కోసం ఈ అమ్మాయి పరువు తీశారు" అంది ఆవిడ.

ఇక నడిపేదెవరని యజమాని తల పట్టుకున్నాడు. చేసిన ప్రతి మార్పునూ ఇన్నాళ్లూ కొండెక్కించి పరీక్షించినదెవరని ఆవిడ అడిగింది. అందరూ మెకానిక్ వైపు తిరిగారు.

అన్నాచెల్లెళ్లు కలిసి ఇంజను విప్పి కొత్త రాడ్డు వేశారు. క్షమించమని అన్నయ్య నోటితో అనలేదు కానీ, ఆమె అడక్కముందే స్పానర్లు అందించాడు.

ఆదివారం ఆ కారు అందరికంటే ముందు కొండెక్కింది. గెలిచినవారి పేరు చదవబోతున్న మనిషి చేతిలోంచి అన్నయ్య మైకు లాక్కున్నాడు.

"ఇంజను బిగించిందీ మా చెల్లెలే, నడిపిందీ మా చెల్లెలే" అన్నాడు.