ఐనార్ పేరిట టపా

మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి తలుపుకి టపా వేసే కంత మీదున్న ఇత్తడి మూత టపుక్కున లేచేది. ఆ కంతలోంచి టపా జారి లోపల పట్టా మీద పడేది. ఆ చప్పుడు కోసమే ఐనార్ తలుపు పక్కన కుర్చీ వేసుకుని, కాఫీ కప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

వచ్చేదంతా చెత్తే. చెవి మిషన్ల ప్రకటనలు, విత్తనాల కేటలాగులు, మీకు బహుమతి తగలబోతోందని ఊరించే కవర్లు. ఆయన మాత్రం ఒక్కోటీ చాకుతో జాగ్రత్తగా కోసి, "ప్రియమైన ఐనార్ తొలెఫ్సన్ గారికి" అని పైకి చదువుకునేవాడు.

"చూశావా అమ్మాయ్, టెక్సస్ నుంచి రాశారు నాకు!"

"అది యంత్రం రాసింది మామయ్యా," అనేది కోడలు లినెట్.

"యంత్రానికైనా నా పేరు గుర్తుంది. నీ మొగుడికి గుర్తుందో లేదో!"

ఆమె మొగుడు కర్ట్ లారీ నడుపుతాడు. సోమవారం వెళ్తే మళ్ళీ శుక్రవారమే రావడం. అమెరికా ఉత్తరాన సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ చిన్న ఊళ్ళో చలికాలమంతా ఇంట్లో మిగిలేది లినెట్, మామగారు, ఆ కాగితాలు. మెట్ల మీద కాగితాలు, స్నానాల తొట్టిలో కాగితాలు, పొయ్యి పక్కన కాగితాలు. పారేస్తానంటే ఆయన మొహం చిన్నబుచ్చుకునేవాడు. నవంబరులో ఒకనాడు, ఉతికిన బట్టల బుట్టతో మెట్లు దిగుతూ, నున్నటి కేటలాగు మీద కాలు జారి పడి లినెట్ మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఆ సాయంత్రమే కట్టు కట్టిన చేత్తో కంప్యూటరు ముందు కూర్చుంది. అక్కర్లేని టపా ఆపించే సంస్థ ఒకటి కనిపించింది. మామూలుగా పేరు తీసేయాలంటే నెలలు పడుతుందట. కిందనే ఇంకో గడి ఉంది. 'ఈ వ్యక్తి మరణించారు.' అలా చెబితే వెంటనే ఆపేస్తారు.

పక్క గదిలో ఐనార్ దగ్గు వినిపిస్తోంది. లినెట్ ఆ గడి మీద నొక్కింది. వెన్ను మీద చల్లటి గాలి తగిలింది. తిరిగి చూస్తే కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

టపా పల్చబడింది. క్రిస్మస్ నాటికి పూర్తిగా ఆగిపోయింది.

"ఇవాళా రాలేదా అమ్మాయ్?"

"మంచు కదా మామయ్యా, బళ్ళు తిరగట్లేదు."

కిటికీలోంచి చూస్తే, సంచీ భుజాన వేసుకుని ఎదురింటి మెట్లెక్కుతున్న పోస్టుమన్ ఇద్దరికీ కనిపిస్తూనే ఉన్నాడు. లినెట్ తల దించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒకరోజు ఆయన విత్తనాల కంపెనీకి ఫోన్ చేశాడు. మాట్లాడి పెట్టేసి నవ్వాడు.

"నేను చచ్చిపోయానట! ఆ పిల్ల పాపం ఎంతో మర్యాదగా సంతాపం కూడా చెప్పింది."

"ఏదో... పొరపాటు జరిగుంటుంది."

"అయ్యుంటుందిలే."

ఆయన ఆమెనే చూస్తున్నాడు. లినెట్ మొహం మండిపోయింది. చెప్పేద్దామనుకుంది. "కాఫీ పెట్టనా?" అంది.

అప్పట్నుంచి ఆయన దగ్గరకు వెళ్తే తడి ఉన్ని వాసన, మంచు వాసన వచ్చేవి. గడప దాటని మనిషికి ఆ వాసన ఎక్కడిదో ఆమెకు అర్థం కాలేదు. రాత్రిళ్ళు మూసిన వంటింటి తలుపు వెనక ఎవరినో బతిమాలుతుండేవాడు. "ఇంకొక్క వారం... మా వాడొచ్చి వెళ్ళనివ్వండి..." పలవరింతలనుకుంది. అలా అనుకోవడమే సులువు.

జనవరిలో ఓ పొద్దున ఐనార్ ఆ కుర్చీలోనే చనిపోయి కనిపించాడు. ముందుకు ఒరిగి ఉన్నాడు. చెయ్యి మణికట్టు దాకా టపా కంతలో ఉంది. బయట వేళ్ళ మీద మంచు పేరుకుంది.

అంత్యక్రియలకు ఇరుగుపొరుగు వేడి వేడి వంటకాలు గిన్నెల్లో మూతపెట్టి తెచ్చారు. "సొంత కూతురు కూడా ఇంత బాగా చూసుకోదమ్మా," అని ఒకావిడ లినెట్‌ని కావలించుకుంది. లినెట్ ఆ చేతులు విడిపించుకుని స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి విప్పి, చాలాసేపు అలాగే నిలబడింది.

సోమవారం కర్ట్ లారీ ఎక్కాడు. మర్నాడు సాయంకాలమే చీకటి పడింది. బయట గాలి లేదు. మంచు చప్పుడు లేకుండా రాలుతోంది. లినెట్ దుప్పట్లు మడత పెడుతోంది.

టపుక్.

పట్టా మీద ఏమీ లేదు. మూత మాత్రం లేచే ఉంది... ఎవరో వేలితో పట్టుకున్నట్టు.

తడి ఉన్ని వాసన.

"అమ్మాయ్..."

దుప్పటి చేతిలోంచి జారింది.

"నా పేరున... ఏమైనా వచ్చిందా?"

కాళ్ళు పరిగెత్తమన్నాయి. సిగ్గు ఆపేసింది. లినెట్ తలుపు ముందు మోకాళ్ళ మీద కూలబడింది. కంతలోకి చూసే ధైర్యం లేదు. కళ్ళు మూసుకుంది.

"నేనే మామయ్యా... మీరు పోయారని నేనే చెప్పాను. టపా ఆపడానికి. అంతే... అంతకంటే ఏమీ అనుకోలేదు. మంచు అని అబద్ధం ఆడాను. క్షమించండి..."

కంతలోంచి బాగా అలిసిపోయిన గొంతు వచ్చింది.

"తెలుసమ్మా. నువ్వు చెప్పిన రోజే నన్ను తీసుకెళ్ళడానికి వాళ్ళొచ్చారు."

"ఎవరు?"

"మర్యాదస్తులే. ఆగమంటే ఆగారు. వంటింట్లో కూర్చున్నారు ఇన్నాళ్ళూ..."

మూత మెల్లగా వాలింది. లినెట్ తలుపు తీసింది. అరుగు మీద మంచు మోకాలెత్తు ఉంది. ఒక్క అడుగు గుర్తు లేదు.

శుక్రవారం దాకా ఆమె వంటింట్లో అడుగు పెట్టలేదు. ముందు గదిలో రొట్టె ముక్కలు తిని గడిపింది. కర్ట్ రాగానే, కోటు కూడా విప్పనివ్వకుండా అంతా చెప్పేసింది. గడి మీద నొక్కడం, పోస్టుమన్, కంతలో గొంతు... ఏదీ దాచలేదు. అతను అరిస్తే బాగుండు అనుకుంది. అరవలేదు. టోపీ చేతుల్లో తిప్పుతూ నేల చూశాడు.

"ఫోన్ చేసిన ప్రతిసారీ నాన్న అదే అడిగేవాడు. నా పేరున ఒక్క ముక్క రాసి పోస్టులో వెయ్యరా అని. నేనూ వెయ్యలేదు," అన్నాడు చివరికి.

మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాడు. లైటు వేసిన చప్పుడైంది. కుళాయి తిప్పిన చప్పుడు మాత్రం కాలేదు.

"లినెట్..." చాలా చిన్న గొంతు. "ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

"ఇలా రా."

ఆమె గుమ్మం దాకా వెళ్ళింది. బల్ల చుట్టూ కుర్చీలన్నీ వెనక్కి జరిపి ఉన్నాయి. అప్పుడే ఎవరో లేచి నిలబడ్డట్టు. వాటి మీంచి నీళ్ళు బొట్లు బొట్లుగా నేల మీదకు కారుతున్నాయి.

ఒక్క కుర్చీ మాత్రం, ఐనార్ కాఫీ కప్పు ముందు, ఇంకా బల్ల దగ్గరికే లాగి ఉంది. దాని మీద మంచు కరగలేదు.